క్యారెట్ మన పెరటి పంటేనా?

వద్దనేవారు: చలికాలం వస్తుందనగానే ఇంటి తోట ఉన్నవారిలో చాలామంది క్యారెట్ విత్తనాల పొట్లం కొంటారు. ఆ ఉత్సాహాన్ని నేను తప్పుపట్టను. ఆ పంటను ఎంచుకోవడాన్నే తప్పుపడతాను. క్యారెట్ గడ్డ బాగా ఊరాలన్నా, దానికి నిండు రంగు రావాలన్నా 15 నుంచి 20 డిగ్రీల చల్లదనం కావాలి. వేడి 30 డిగ్రీలు దాటి రోజుల తరబడి నిలిచిందంటే గడ్డ పొట్టిగా, పాలిపోయి, పీచుదేరి మిగులుతుంది. హైదరాబాదులో డిసెంబరు రాత్రులు 14, 15 డిగ్రీలకు దిగినా పగలు 28 దాకా ఎక్కుతుంది. విజయవాడ, రాజమండ్రి లాంటి చోట్ల ఆ నెలలో కూడా రాత్రి వేడి 19, 20 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. ఫిబ్రవరి వచ్చిందంటే రెండు చోట్లా పగటి ఎండ 30 దాటుతుంది. విత్తిన నాటి నుంచి పీకేదాకా 90 నుంచి 110 రోజులు పట్టే పంటకు మన చలికాలం చాలీచాలనిది. ఇక చోటు సంగతి చూడండి. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న గ్రో బ్యాగులో 12 నుంచి 16 మొక్కలు పడతాయి. అన్నీ బాగా ఊరినా వచ్చేది కిలో లోపే. అదే చోట, అదే మూడు నెలల్లో తోటకూర నాలుగైదు సార్లు కోసుకోవచ్చు. పాలకూర, గోంగూర, మెంతికూర ఒకదాని తర్వాత ఒకటి వేసుకోవచ్చు. ఈ ఆకుకూరలు కోసిన పూటే వండుకుంటే దక్కే లాభం బజారు కూరలో దక్కదు. క్యారెట్ అయితే బజారులో చవకగా, నిల్వకు ఆగేదిగా ఏడాది పొడవునా దొరుకుతుంది. ఇంట్లో పండించడం వల్ల ఎక్కువ కలిసివచ్చే పంటలను పక్కనపెట్టి, అంతగా కలిసిరాని పంటకు ఉన్న కాస్త చోటూ ఇవ్వడం ఎందుకన్నదే నా ప్రశ్న.

వేద్దామనేవారు: మీరు చెప్పిన లెక్కలన్నీ సరైనవే. కానీ క్యారెట్ అంటే అంతా ఒకటే రకమన్నట్టు ఆ లెక్కలు కట్టారు. క్యారెట్‌లో రెండు వంశాలున్నాయి. నాంటిస్ లాంటి ఐరోపా రకాలకు మీరన్న చల్లదనం నిజంగానే కావాలి. నీలగిరుల్లో, రెండు వేల మీటర్ల పైచిలుకు ఎత్తున్న ఊటీలో అవి అంత బాగా కుదురుకున్నాయంటే కారణం అదే. ఆసియా రకాల తీరు వేరు. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ రూపొందించిన పూసా కేసర్, పూసా రుధిర లాంటివి వేడిని ఇంకాస్త ఎక్కువగా ఓర్చుకుంటాయి. వీటికి తోడు జపాన్ నుంచి వచ్చిన కురోడా ఉంది. పొట్టిగా, భుజాలు వెడల్పుగా, మొన సన్నగా ఉండే ఈ రకం వేడిని తట్టుకుంటుందనే పేరుతోనే దక్షిణాది మైదానాల్లో పాతుకుపోయింది. హైదరాబాదుకు పొరుగున చేవెళ్ల వైపు రైతులు ఎర్రనేలల్లో క్యారెట్ పండించి నగరానికి పంపుతున్నారు. మైదానం ఈ పంటకు పనికిరాదన్న మాటకు ఆ పొలాలే జవాబు. చలికాలం చాలదన్న అభ్యంతరం కూడా ఎప్పుడు విత్తుతామన్న దానిమీదే ఆధారపడి ఉంది. అక్టోబరు నడుమ నుంచి నవంబరు నెలాఖరులోగా విత్తితే మొలక దశ 20, 25 డిగ్రీల్లో గడుస్తుంది. విత్తనానికి బాగా నప్పే వేడి అదే. గడ్డ ఊరే కాలం డిసెంబరు, జనవరి చల్లని రాత్రుల్లో పడుతుంది. ఏప్రిల్లో పొట్లం కొని విత్తినవారికి ఏమీ రాకపోతే ఆ తప్పు నెలది. పంటను అనకూడదు. ఒక్క విషయం మాత్రం ఒప్పుకుంటాను. కోస్తా ఊళ్లలో ఈ గడువు ఇంకా ఇరుకు. అక్కడ నవంబరు తొలివారాలు దాటాక విత్తడం, ఐరోపా రకం ఎంచుకోవడం రెండూ కష్టాన్ని కొనితెచ్చుకోవడమే.

వద్దనేవారు: సరే, నెలా రకమూ కుదిరాయనుకుందాం. నేల మాటేమిటి? చేవెళ్ల రైతుకు లోతుగా దున్నగలిగిన ఎర్రచెలక ఉంది. ఇంటి పెరట్లో ఉండేది కట్టడం పూర్తయ్యాక మిగిలిన మట్టి. అందులో కంకర, ఇటుక ముక్కలు, గట్టిపడిన సిమెంటు పెళ్లలు ఉంటాయి. నల్లరేగడి ప్రాంతాల్లోనైతే తడిస్తే జిగురు, ఎండితే బీటలు. క్యారెట్ మొన దిగే దారిలో గోలీ అంత రాయి అడ్డుపడినా గడ్డ రెండుగా చీలి కాళ్లూ చేతులూ వచ్చినట్టు తయారవుతుంది. దీనికి కనీసం 30 సెంటీమీటర్ల లోతున గుల్లగా, రాయీ రప్పా లేని మట్టి కావాలి. పెరట్లో అది లేనప్పుడు జనం మిద్దె ఎక్కుతారు. అక్కడ అసలు చిక్కు మొదలవుతుంది. తడిసిన మట్టి ఘనపు మీటరు 1600 కిలోలకు తగ్గదు. 30 సెంటీమీటర్ల లోతు మడి కడితే చదరపు మీటరుకు 480 కిలోల బరువు పడుతుంది. మనుషులు ఎక్కి తిరిగే పైకప్పుకు మన దేశ కట్టడాల ప్రమాణం లెక్కలోకి తీసుకునేది చదరపు మీటరుకు 150 కిలోలే. అంటే మూడింతలు. ఇది చాలదన్నట్టు ఆ మట్టి ఎక్కడిది? ఎర్రమట్టి ఎవరిదో ఒక చేను మీదో, గుట్ట మీదో తవ్వి లారీకెత్తినది. ఇసుక ఏటిది. కోకోపీట్ కొబ్బరి సీమల నుంచి వచ్చి, కడగడానికి బోలెడు మంచినీళ్లు తాగుతుంది. కిలో క్యారెట్ కోసం ఇన్ని చోట్ల నుంచి ఇన్ని తెచ్చి పోసుకున్న తోటను ప్రకృతికి దగ్గరైన బతుకని ఎలా అంటాం? ఆకుకూరకు ఆరేడు అంగుళాల మట్టి చాలు. బరువూ తక్కువ, కొనుగోలూ తక్కువ.

వేద్దామనేవారు: బరువు గురించి మీరన్నది ప్రతి మిద్దెతోట యజమానీ రాసి పెట్టుకోవాల్సిన మాట. మిద్దె అంతటా అడుగు లోతు మట్టి పరచడం ఎవరికీ తగదు. నాలుగు బ్యాగులు దూరదూరంగా, దూలాలు, గోడల మీదికి బరువు దిగే చోట పెట్టుకోవాలి. అంతకు మించి చేయాలంటే ఇంజినీరును అడగాలి. పెరడు ఉన్నవారికి క్యారెట్ చోటు నేలమీదే. అయితే మంచి మట్టి కొనుక్కుంటేనే వస్తుందన్న దగ్గర మీతో విభేదిస్తాను. మట్టిని చేసుకోవచ్చు, దానికి మన వానాకాలమే సాయం. జూన్‌లో మడిని జానెడున్నర లోతు తవ్వి, రాళ్లూ ఇటుక ముక్కలూ ఏరి, జనుమో జీలుగో చల్లి, పూత దశలో 45, 50 రోజులకు అక్కడే కలియదున్ని కుళ్లనివ్వాలి. ఆగస్టు, సెప్టెంబరుల్లో వంటింటి చెత్తతో, రాలిన ఆకుతో చేసుకున్న బాగా మాగిన ఎరువు కలపాలి. అక్టోబరు నాటికి నల్లరేగడి కూడా పైన చదునుగా కాక, అడుగున్నర వెడల్పు గల ఎత్తు మడిగా మారితే గడ్డకు కావలసిన గుల్లదనం చాలావరకు వస్తుంది. ఇక్కడే క్యారెట్ నేర్పే పెద్ద పాఠం ఉంది. మొలిచాక తొలి మూడు నాలుగు వారాల్లోనే దీని తల్లివేరు దాదాపు తన పూర్తి లోతుకు దిగిపోతుంది. ఆ తర్వాత జరిగేదంతా లావెక్కడమే. అంటే మనకు నేలపైన వేలెడు ఆకు కనిపించే రోజులకే గడ్డ ఆకారం అడుగున ఖాయమైపోతుంది. టమాటా మొక్క డీలాపడితే మధ్యలో ఎరువు వేసి, మందు కొట్టి లేపుకోవచ్చు. క్యారెట్‌కు ఆ అవకాశం లేదు. విత్తనం కంటే ముందు నేల సిద్ధం కావాలి. మొక్కను పోషించే అలవాటు నుంచి నేలను పోషించే అలవాటుకు మనిషిని ఇంత కచ్చితంగా నడిపించే పంట ఇంటి తోటలో నాకు మరొకటి కనబడదు.

వద్దనేవారు: నేలను చదవడమే ఉద్దేశమైతే ముల్లంగి ఉంది కదండీ. పూసా చేత్కి లాంటి రకం వేడినీ ఓర్చుకుంటుంది, 40, 45 రోజుల్లో చేతికొస్తుంది. అడుగున రాయి ఉంటే అది కూడా వంకర తిరిగి చెబుతుంది. ఒక్క క్యారెట్ పంట కాలంలో రెండు ముల్లంగి పంటలు తీసి, రెండుసార్లు నేర్చుకోవచ్చు. విత్తనం సంగతి ఇంకా బలమైనది. ఇంటి తోటకు అందం తన విత్తనం తాను దాచుకోవడంలో ఉంది. సొర, చిక్కుడు, గోంగూర, బెండ, తోటకూర విత్తనాలు మన ఇళ్లలో తరాలుగా చేతులు మారాయి. ఐరోపా రకం క్యారెట్ పూత పూయాలంటే గడ్డకు ఆరు నుంచి ఎనిమిది వారాలు 10 డిగ్రీల లోపు చలి తగలాలి. అందుకే ఆ విత్తనం హిమాలయాల వైపు కులూ లోయలో, నీలగిరుల్లో తయారవుతుంది. మనం ఏటా పొట్లం కొనాల్సిందే. ఆ పొట్లమూ రెండు మూడేళ్లకు మొలకశక్తి కోల్పోతుంది. కొట్లో అది ఎన్నాళ్లు ఎండలో ఉందో మనకు తెలియదు. పోషణ పేరుతో క్యారెట్‌ను నెత్తికెత్తుకోవడం కూడా సరికాదు. విటమిన్-ఎ లోపంతో పిల్లల చూపు పోవడాన్ని ఈ దేశం పెద్ద సమస్యగా చూసింది. 1918లో కూనూరులో మొదలై తర్వాత హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ చేసిన పని ఆధారంగానే 1970లో పిల్లలకు ఆరునెలలకోసారి విటమిన్-ఎ మోతాదు ఇచ్చే జాతీయ కార్యక్రమం వచ్చింది. దాంతోపాటు తినమని చెప్పింది క్యారెట్ ఒక్కటే కాదు, ముదురాకుపచ్చ ఆకుకూరలు కూడా. మునగాకు, తోటకూర మన గుమ్మం ముందే, దాదాపు ఏడాది పొడవునా దొరుకుతాయి. ఒక్క మునగ చెట్టు ఇంటిల్లిపాదికి ఇచ్చేది ఏ క్యారెట్ మడీ ఇవ్వలేదు.

వేద్దామనేవారు: మునగాకు విషయంలో పూర్తిగా ఓడిపోయానని రాసుకోండి. బీటా కెరోటిన్ కోసమే తోట వేసేవారికి నేను కూడా మునగనే చెబుతాను. క్యారెట్‌లో ఉన్న కెరోటిన్ కూడా పచ్చిగా నమిలితే కొంతే ఒంటబడుతుంది. కాస్త నూనెలో మగ్గిస్తే ఎక్కువ అందుతుంది కాబట్టి మన ఇళ్లలో కొబ్బరి వేసి చేసే క్యారెట్ వేపుడుకు పోషణపరంగా న్యాయం ఉంది. విత్తనం మాటలోనూ మీకు సగం ఒప్పుకోవాలి. ఆసియా రకాలు మైదానంలో పూస్తాయి. కానీ క్యారెట్ పూలు తేనెటీగల వల్ల పరాగం మార్చుకుంటాయి కాబట్టి రకం కలుషితం కాకుండా నిలపాలంటే చాలా మొక్కలు, చాలా దూరం కావాలి. చిన్న పెరటికి అది కుదరని పని. అయినా పొలం నుంచి పెరటి దాకా అన్నిటికీ విత్తన స్వాతంత్ర్యమే కొలత అయితే క్యాబేజీ, కాలీఫ్లవర్ కూడా తోటలోంచి పోవాలి. ముల్లంగి గురించి మాత్రం నాకు వేరే మాట ఉంది. ముల్లంగి తొందరగా వస్తుంది, చాలా తప్పులను క్షమిస్తుంది. క్యారెట్ ఏ తప్పుకు ఏ గుర్తు మిగులుస్తుందో విడివిడిగా చూపిస్తుంది. రాయి అడ్డొచ్చినా, మాగని పేడ తగిలినా చీలుతుంది. వారమంతా ఎండబెట్టి ఒక్కసారి నీళ్లు ముంచెత్తితే నిలువునా పగులుతుంది. నత్రజని ఎక్కువైతే పైన ఆకు గుబురుగా, అడుగున గడ్డ సన్నగా, వెంట్రుకల్లాంటి వేళ్లతో వస్తుంది. భుజాలు మట్టి పైకి తేలి ఎండ తగిలితే ఆకుపచ్చబడి చేదెక్కుతాయి. వేళ్ల మీద పూసల్లాంటి బుడిపెలు కనిపిస్తే మట్టిలో నులిపురుగులు చేరాయని అర్థం. వంద రోజుల పాటు మన చేతిపని ఎలా సాగిందో చివరికి పీకిన గడ్డ మీద రాసి ఉంటుంది. ఆరోగ్యమైన క్యారెట్ అంటే నా దృష్టిలో నునుపుగా, బొమ్మలాగా ఉన్నది అని కాదు. నేల, నీరు, ఎడం మూడూ సరిగ్గా అమరాయని చెప్పగలిగినది.

వద్దనేవారు: ఎడం అన్నారు కాబట్టి అక్కడికే వద్దాం. గ్రాముకు దాదాపు 800 విత్తనాలు ఉండే పంట ఇది. ఇసుకలో కలిపి చల్లినా గుంపులుగానే పడతాయి. అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరు లోతుకు మించి కప్పకూడదు. పైమట్టి పది, పదిహేను రోజులు ఒక్క పూట కూడా ఎండకూడదు. మొలిచాక మొక్కకూ మొక్కకూ 5 నుంచి 8 సెంటీమీటర్ల ఎడం వచ్చేలా మిగతావన్నీ పీకేయాలి. నారు పోసి నాటుదామంటే తల్లివేరు దెబ్బతిని గడ్డ వంకర పోతుంది. కొత్తగా తోట పెట్టిన మనిషికి చేత్తో విత్తి, మొలిపించి, పచ్చగా ఉన్న మొక్కలను సగానికి పైగా పీకడానికి మనసొప్పదు. పీకకపోతే అన్నీ చిటికెన వేలంతే అవుతాయి. ప్రేమ ఎక్కువై చెడే పంట ఇది. ఎరువు విషయంలోనూ అదే జరుగుతోంది. జీవామృతం లెక్క 200 లీటర్లు ఒక ఎకరానికి. అంటే చదరపు మీటరుకు 50 మిల్లీలీటర్లు. మిద్దెతోటల్లో అదే జీవామృతాన్ని వారం వారం కుండీకి చెంబెడు పోస్తారు. పంచగవ్య, చేపల ద్రావణం, వేరుశనగపిండి నానబెట్టిన నీళ్లు ఒకదాని మీద ఒకటి పడతాయి. ప్రకృతి సేద్యం పేరుతో నత్రజని మితిమీరుతుంది. ఆకు మోకాలెత్తు పెరుగుతుంది, అడుగున ఏమీ ఉండదు. తొలి ఏడాదే ఇలా జరిగితే చాలామంది తోటనే వదిలేస్తారు. మట్టి నింపిన బ్యాగులు మిద్దె మూల ఎండి చిరిగిపోతాయి. ఒక పంట వల్ల ఒక మనిషి తోటపని నుంచే దూరమైతే అది చిన్న నష్టం కాదు. నేర్పడమే గొప్ప అంటున్నారు గానీ, వంద రోజుల తర్వాత ఒకేసారి తప్పిందని చెప్పే గురువు కన్నా వారం వారం సరిదిద్దే గురువు మేలు.

వేద్దామనేవారు: ఇది మీ వాదనల్లో నాకు అన్నిటికన్నా బరువైనదిగా తోస్తోంది. తొలి పంటగా క్యారెట్ వేయకూడదు. మొదటి ఏడాది ఆకుకూరలు, ఆ తర్వాత ముల్లంగి, అది నిటారుగా దిగిన మడిలోనే క్యారెట్ అన్న క్రమం పెడితే నేను సంతకం చేస్తాను. కానీ మీరు చెప్పిన కష్టాల్లో చాలావాటికి పని తక్కువ చేయడమే మందు. విత్తాక మడిమీద తడి గోనెపట్టా పరచి, మొలక తలెత్తగానే తీసేస్తే పూట పూటా నీళ్లు చిలకరించే బాధ తప్పుతుంది. చల్లడం మాని జానెడు దూరంలో గీతలు గీసి పలచగా వరసల్లో వేస్తే పీకేయాల్సినవి తగ్గుతాయి. మొక్కలు రెండు మూడు ఆకులప్పుడు ఒకసారి, గడ్డ పెన్సిలంత అయ్యాక ఇంకోసారి పీకితే రెండోసారి తీసినవి కూరలోకే వెళ్తాయి, లేత ఆకు పచ్చడికో పప్పుకో పనికొస్తుంది. ఎరువు మడి చేసేటప్పుడు వేసినదే చాలు. తర్వాత ద్రావణాలు పోయకపోవడమే సేవ. భుజాలు తేలితే మట్టి ఎగదోయాలి, నీళ్లు కొంచెం కొంచెంగా ఒకే తీరున ఇవ్వాలి. నులిపురుగుల బెడద ఉన్న మడిలో టమాటా, వంగ, బెండ తీసిన వెంటనే క్యారెట్ వేయకూడదు. అంతకుముందు ఒక పంట కాలం బంతి వేసి, విత్తే ముందు వేపపిండి కలిపితే వాటి జోరు తగ్గుతుంది. ఆకు మీద బూడిద తెగులు, మచ్చ తెగులు వస్తే అవి తరచు గుబురు వల్లే వస్తాయి. మచ్చ తెగులుకు రాత్రి పూట ఆకు తడిసి ఉండటం కూడా తోడవుతుంది. ఎడం సరిచేసి, పొద్దున్నే మొదట్లో నీరు పెడితే చాలామేరకు అదుపులో ఉంటాయి. ఇంత చెప్పాక కూడా ఇది కష్టమైన పంటేనని ఒప్పుకుంటాను. తేలికైన పంటలే వేసుకునే తోటలో మనిషి ఆకు రంగునే చూస్తాడు, మట్టిని ఎప్పుడూ తవ్వి చూడడు. కొన్నాళ్లకు బ్యాగులో మట్టి ఇటుకలా గట్టిపడినా కొత్త ఎరువు మీద ఎరువు వేస్తూ బండి నడిపిస్తాడు. క్యారెట్ ఆ నిద్రను భంగపరుస్తుంది.

వద్దనేవారు: మట్టిని తవ్వి చూడమని చెప్పడానికి క్యారెట్టే కావాలా అన్న ప్రశ్న నాకింకా మిగిలే ఉంది. అది అలా ఉంచి, మీరు ఎత్తని ఇంకో కోణం చూద్దాం. చాలామంది ఇంట్లో క్యారెట్ వేసేది బజారు కూరగాయల మీద భయంతో. ఆ భయం అనవసరమని నేననను. పురుగుమందుల అవశేషాలకు ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ పరిమితులు పెట్టింది అంటేనే బెడద ఉన్నట్టు. కానీ క్యారెట్ కడుగుతాం, తొక్క గీస్తాం. పైన అంటిన మందులో చాలాభాగం అక్కడే పోతుంది. ఆకుకూర తొక్క గీయలేం. కొత్తిమీర, కరివేపాకు, పాలకూర ఉన్నవి ఉన్నట్టే నోట్లోకి వెళ్తాయి. భయం వల్ల తోట పెట్టేవారైనా ముందు వేసుకోవాల్సింది వాటినే. పైగా ఇంటి పంట అన్నంత మాత్రాన శుభ్రం అనుకోవడమూ ప్రమాదమే. మాగని పేడ వేసిన మడిలోంచి పీకిన గడ్డను పచ్చిగా కొరుక్కు తింటే పేడలోని సూక్ష్మజీవులు కడుపులోకి వెళ్లవచ్చు. కట్టడం చెత్త, పాత రంగుల పెచ్చులు కలిసిన పెరటి మట్టిలో పండిన వేరు కూర ఎంత మంచిదో చెప్పలేం. వేరు కూరకు మట్టి ఒంటికి అంటుకునే ఉంటుంది, ఆకుకు గాని కాయకు గాని అంత అంటదు.

వేద్దామనేవారు: ఆ హెచ్చరికను నా వాదనలోకే చేర్చుకుంటాను. పేడ వేసిన నేలలో పచ్చిగా తినే వేరు కూరకు, పేడ వేసిననాటికీ పీకే నాటికీ మధ్య నాలుగు నెలలు ఉండాలని ఆహార భద్రత పాఠం చెబుతుంది. వానాకాలంలోనే ఎరువు వేసి మాగనిచ్చే క్రమంలో ఆ గడువు దానంతట అదే వస్తుంది. రంగు పెచ్చులు రాలిన గోడ మొదట్లో గడ్డ కూరే కాదు, ఏదీ వేయొద్దు. బజారు భయంతో క్యారెట్ వేసేవారి పక్షాన నేను నిలబడను. భయంతో మొదలైన తోటకు ఎక్కువ ఆయుష్షు ఉండదు. నేను నిలబడేది వేరే చోట. బజారులో మనం రాశిలోంచి ఏరేది నిటారుగా, నునుపుగా ఉన్న గడ్డనే. చీలినదీ వంకరదీ పక్కకు నెడతాం. ఆ ఏరివేత బరువు చివరికి రైతు మీద పడుతుంది. పొలంలో రుచికీ సత్తువకూ ఏ లోటూ లేని గడ్డ, ఆకారం కుదరలేదని తక్కువ ధరకు పోతుంది. ఒక్క చలికాలం నిటారు గడ్డ కోసం ఎన్ని కుదరాలో చేత్తో తెలుసుకున్న మనిషి ఆ రాశి ముందు ముందులా నిలబడలేడు. చీలిన గడ్డలో రాయి తగిలిన చోటు చూడగలడు, పగిలిన గడ్డలో ఆగిపోయిన కరెంటు మోటారును ఊహించగలడు.

వద్దనేవారు: మాట బాగుంది, దాన్ని తేలిగ్గా తీసేయను. అయినా వంకర క్యారెట్ కొనడానికి వంద రోజులు వంకర క్యారెట్ పండించాలా? వరి తినే మనం రైతును గౌరవించడానికి మిద్దె మీద మడి కట్టం కదా. నిజంగా రైతు మీద పట్టింపు ఉంటే ఈ చలికాలమే చేవెళ్ల వైపు నుంచి వచ్చే క్యారెట్‌ను, ఆకారం చూడకుండా, తగిన ధరకు కొనండి. ఇంట్లో ఉన్న కాస్త చోటులో మునగ, కరివేపాకు, ఆకుకూరలు పెంచండి. ఏ పంటను ఎక్కడ పండించాలో తెలిసి, అక్కడి మనిషి మీద నమ్మకం ఉంచడం కూడా వ్యవసాయ జ్ఞానమే. అన్నీ మన గోడల మధ్యే పండించుకోవాలన్న కోరికలో నాకు కొంచెం ఒంటరితనం కనబడుతుంది.

వేద్దామనేవారు: అన్నీ పండించుకోమని నేనెక్కడా అనలేదు. చలికాలంలో ఒక్క మడి, లేదా రెండు బ్యాగులు, అదీ ముల్లంగి నిటారుగా దిగిన మట్టిలో, సరైన రకంతో, సరైన నెలలో వేయమంటున్నాను. మిగతా తోటంతా మీరన్నట్టే ఉండనివ్వండి. ఈ షరతులన్నీ మీ అభ్యంతరాలు విన్నాక పెట్టుకున్నవేనని కూడా ఒప్పుకుంటాను. మీరు ఇంటి తోటను పళ్లెంలోకి వచ్చే దానితో కొలుస్తున్నారు. ఆ కొలతలో క్యారెట్ ఎప్పటికీ ఓడిపోతుంది. నేను దాన్ని మట్టిలో జరిగే మార్పుతో కూడా కొలవమంటున్నాను. మార్చిలో ఆ మడిని మళ్లీ తవ్వినప్పుడు జూన్‌లో ఉన్నదానికన్నా మట్టి గుల్లబడిందా, నీరు పట్టి ఉంచుతోందా, వానపాములు చేరాయా అని చూడమంటున్నాను. చేరితే ఆ తర్వాత అందులో వేసే ఏ పంటకైనా, మీ తోటకూరకైనా, ఆ మేలు అందుతుంది.

వద్దనేవారు: ఆ కొలత నాకూ సమ్మతమే. కానీ ఆ మేలంతా జనుము, మాగిన ఎరువు, వానాకాలపు ఓపిక చేసిన పని. దాన్ని క్యారెట్ ఖాతాలో రాయడానికి నాకు మనసొప్పడం లేదు. మీరు చెప్పిన మడి సేవంతా చేసి, అందులో క్యారెట్ బదులు మెంతికూర వేసినవారు మీకన్నా తక్కువ నేర్చుకున్నారని చూపించండి. అప్పుడు నేను విత్తనాల పొట్లం కొంటాను.

వేద్దామనేవారు: తక్కువ నేర్చుకున్నారని అనను. కానీ మెంతికూర వేద్దామనుకున్న మనిషి జూన్‌లోనే ఆ మడిని అంత లోతు తవ్వి ఉండేవాడా? ఆకుకూరకు ఆరేడు అంగుళాలు చాలని ఇందాక మీరే అన్నారు. మిగతా ఆరంగుళాలు తవ్వించే కారణం ఏదో ఒకటి ఉండాలి. మీరు వేరే కారణం చూపగలిగితే క్యారెట్ లేకపోయినా నాకు లోటు లేదు.